వంకాయకీ పత్తికీ ఒకే తీర్పా?

జన్యుమార్పిడి పంటలన్నీ విషమే, మొత్తంగా నిషేధించాలని ఈమధ్య ఒక వ్యాసంలో రాశారు. నేను ఒప్పుకోలేను. మాది విశాఖ పక్కన ఆనందపురం వైపు పల్లె. కొమ్మ, కాయ తొలిచే పురుగు పడితే నాన్న వంగతోటకి వారానికి రెండుసార్లు మందు కొట్టేవారు. రెండో రోజునే కాయలు కోసి విశాఖ పంపేవారు. ఆ మందు తిన్నది మనమే కదండీ! అదీ లెక్కలోకి రావాలి.

బీటీ అంటే ఒక నేల బ్యాక్టీరియా జన్యువు పెట్టి, తొలిచే పురుగుని మొక్కే చంపేలా చేసిన పంట. 2010లో మన దేశం బీటీ వంకాయని ఆపేసింది. బంగ్లాదేశ్ రైతులు 2014 నుంచి పండిస్తున్నారు, మందుల వాడకం బాగా తగ్గింది. పైగా అక్కడి బీటీ వంగ రకాలు హైబ్రిడ్లు కావు, విత్తనం దాచుకుని మళ్ళీ వేసుకోవచ్చు. నాకు అన్నిటికంటే ముఖ్యంగా తోచేది ఇదే.

అలాగని భయం లేదనను. 2002లో వచ్చిన బీటీ పత్తిని చూడండి. మొదట్లో కాయతొలుచు పురుగు తగ్గింది, తర్వాత గులాబీ రంగు కాయతొలుచు పురుగు బీటీకి అలవాటుపడిపోయింది. పురుగు అలా అలవాటుపడకుండా, విత్తనం సంచితో ఇచ్చిన నాన్-బీటీ (మామూలు పత్తి) ప్యాకెట్‌ని అప్పట్లో పొలం చుట్టూ వేయాల్సింది. చాలామంది వేయలేదు. ఎందుకు వేయాలో వాళ్ళకి చెప్పినవాళ్ళూ తక్కువే. పైగా ఈ పత్తి హైబ్రిడ్ కాబట్టి ఏటా విత్తనం కొనక తప్పదు, అది వేరే బరువు.

వంకాయ పుట్టిల్లు మన దేశమేనంటారు. పుప్పొడి నాటు రకాలకి, అడవి వంగకి చేరితే ఏమవుతుందన్న ప్రశ్న న్యాయమైనదే. దానికి ఇక్కడి పొలాల్లోనే పరీక్షలు జరగాలి, ఫలితాలు తెలుగులో రైతు చేతికి అందాలి. రేపు అనుమతి వస్తే, రైతుబజారులో ఏది బీటీ కాయో బోర్డు మీద రాసి పెట్టాలి.