పెదవి దాటిన గీత

పెదవులు నిండుగా కనిపించాలని అంచు దాటి బయట లిప్ లైనర్ పెన్సిలుతో గీయడం ఎవరు మొదలుపెట్టారో గానీ, ఒంగోలులో ఏ పెళ్లికి వెళ్లినా పెళ్లికూతురి నోరు తనది కానట్టే ఉంటోంది. మొన్న మా పెద్దమ్మ మనవరాలి పెళ్లిలో దగ్గరుండి చూశాను. ముదురు గోధుమ రంగు పెన్సిలుతో పై పెదవికి పైన, చర్మం మీదే గీసి, లోపల లేత గులాబీ నింపారు. ఫొటోలకు సరే. ఒంగోలు ఎండలు తెలిసిందే కదా! తలంబ్రాలయ్యేసరికి చెమటకు గీత చెదిరింది. భోజనాలయ్యేసరికి లోపలి రంగంతా పోయి, చుట్టూ గోధుమ రంగు వలయం ఒక్కటే మిగిలింది. పాపం, ఆ పిల్ల చేతిరుమాలు అడ్డం పెట్టుకునే అందరినీ పలకరించింది.

1930లలో హాలీవుడ్ తార జోన్ క్రాఫర్డ్‌కు పెదవులు ఇలాగే పెద్దవి చేసి దిద్దేవారు. అది కెమెరా కోసం. 2015లో అమెరికా టీవీ తార కైలీ జెన్నర్ లిప్ కిట్‌లు (లైనర్, లిప్‌స్టిక్ కలిపిన సెట్లు) అమ్మకానికి పెట్టాక ఈ మోజు మరీ ముదిరింది. పెదవులు ఉబ్బేలా సూదితో ఎక్కించే ఫిల్లర్లు వేయించుకున్నానని ఆమె అదే ఏడాది ఒప్పుకుంది. సూదితో వచ్చిన నిండుదనం పెన్సిలుతో వస్తుందని మన పిల్లలను నమ్మించడం ఏం న్యాయం?

మా పెళ్లికూతురి సన్నని పెదవులు మా పెద్దమ్మ పోలిక. ఎంత చక్కని నవ్వో! దాన్ని కప్పేయడానికి మేకప్ వేసేవాళ్లు వేలకు వేలు తీసుకుంటున్నారు. అడిగితే, "ఇప్పుడందరూ ఇలాగే వేయించుకుంటున్నారండీ" అంటారు. కనీసం గీసే ముందు ఆ అమ్మాయిని ఒక్క మాట అడగండి.