కింద పడినా వడియాల మీదే

జూడోలో చేరిన పిల్లవాడికి మొట్టమొదట నేర్పేది ఎదుటివాణ్ణి పడగొట్టడం కాదు, తాను పడటం. కాకినాడలో ముప్పై ఎనిమిదేళ్ళు డ్రిల్లు మాస్టారుగా పనిచేస్తూ, బడి వదిలాక సాయంత్రాల్లో, రంపపు పొట్టు పరచి దానిమీద టార్పాలిను బిగించిన నేలపై నేను కొన్ని వందల మందికి ఈ పడే విద్యనే నేర్పాను. గడ్డాన్ని ఛాతీకి ఆనించి నడుముకున్న బెల్టు ముడి వైపు చూడాలి. వీపు నేలను తాకే క్షణానికి చెయ్యి ఒంటికి కాస్త ఎడంగా చాచి అరచేతితో నేలను చెళ్ళున చరచాలి. అలా చేస్తే దెబ్బ ఒక్కచోట దిగకుండా చెదిరిపోతుంది, తల నేలకు తగలదు. జపాను వారు దీన్ని ఉకెమి అంటారు. ఉద్యోగం నుంచి విరమించి ఆరేళ్ళయినా, నేను ఇప్పటికీ తెల్లవారుజామున చాప పరచుకొని ఇరవై సార్లు పడి లేస్తాను. కింది వాటాలోని వారు మొదట్లో కంగారు పడేవారు గానీ, ఇప్పుడు ఆ చప్పుడు వినగానే పాలు పొయ్యి మీద పెట్టుకుంటున్నారు.

ఇంత చేసినా మా వీధిలో నా పేరు కరాటే మాస్టారే. 1882లో కానో జిగోరో అనే బక్కపలచని ఉపాధ్యాయుడు టోక్యోలోని ఒక ఆలయంలో, పన్నెండు చాపలు పట్టే గదిలో జూడోను ప్రారంభించారనీ, 1929లో రవీంద్రనాథ్ ఠాగూరు తకగాకి అనే జపాను గురువును శాంతినికేతనానికి రప్పించి విద్యార్థులకు దీన్ని చెప్పించారనీ, జూడో పోటీలో గుద్దులూ తన్నులూ ఉండవనీ నేను ఎంత విడమరచి చెప్పినా, అంతా విన్నవారు చివరకు, ‘‘అయితే మీరు పెంకులు పగలగొట్టరా?’’ అని జాలిగా అడుగుతారు. మొన్న వేసవిలో మా ఆవిడ వడియాల కోసం బూడిద గుమ్మడికాయ తెప్పించి, మొదటి దెబ్బ మగవాడే వెయ్యాలన్న ఆచారం ప్రకారం నా ముందు పెట్టినప్పుడు, పక్కింటావిడ పనిగట్టుకొని చూడటానికి వచ్చారు. నేను కత్తి అడిగాను. ఆవిడ మారు మాట్లాడకుండా వెళ్ళిపోయారు.

ఆ రాత్రి గుమ్మడి ముక్కలకు ఉప్పూ పసుపూ కలిపి, గుడ్డలో మూటగట్టి, నీరంతా దిగేలా పైన రుబ్బురోలు పొత్రం పెట్టారు. తెల్లవారి మినప్పిండిలో ఆ ముక్కలూ పచ్చిమిరపకాయల ముద్దా కలిపి, డాబా మీద నా పాత పంచె పరచి, నాలుగు మూలలా ఇటుకలు పెట్టి, మా ఆవిడ వరుసలు తీర్చినట్లు వడియాలు పెట్టింది. కాకుల నుంచి వాటిని కాపాడే బాధ్యతను నాకు అప్పగించి, ఒక ప్లాస్టిక్ కుర్చీ, ఒక కర్ర ఇచ్చి, ‘‘ఏమండీ, కునుకు తీయకండి’’ అని మరీ చెప్పి కిందికి వెళ్ళింది.

నేను కునుకు తీయలేదు. కళ్ళు మూసుకున్నానంతే. తెరిచేసరికి మూడో వరుస చివర కాకి నిలబడి, ఏ వడియం బాగుందా అన్నట్లు తల వంచి చూస్తోంది. నేను లేచి కర్ర ఎత్తి ఒక్క అడుగు వేసేలోగా లుంగీ అంచు మడమకు చుట్టుకొంది. జూడోలో ప్రత్యర్థి బరువు మోపబోయే పాదాన్ని సరిగ్గా ఆ క్షణంలో ఊడ్చేసే పట్టు ఒకటుంది. దానికి అదను చూడటమే కష్టం. నలభై ఏళ్ళలో ఏ మొనగాడూ నామీద అంత శుభ్రంగా ప్రయోగించలేని ఆ పట్టును నా లుంగీ ప్రయోగించింది.

పడటంలో మాత్రం నేను ఏ లోపమూ చేయలేదు. గడ్డం ఛాతీకి ఆనింది, ఊపిరి బయటికి వచ్చింది, వీపు గుండ్రంగా వాలింది, కుడిచెయ్యి వేగంగా వెళ్ళి రెండో వరుసను మొదటి నుంచి చివరి దాకా చెళ్ళున చరిచింది. అభ్యాసంలో అయితే పడగొట్టేవాడు చివరి క్షణంలో మన చొక్కా చెయ్యి పట్టి కాస్త పైకి లాగి దెబ్బ తేలిక చేస్తాడు. లుంగీకి ఆ మర్యాద తెలియదు కనుక మూడో వరుస కూడా నా వీపు కిందికి వచ్చింది. కింద పడ్డా పైచేయి నాదే అందామంటే, ఆ చెయ్యి కాస్తా పిండిలో ఉంది.

పక్క డాబా మీద గాలిపటం ఎగరేస్తున్న ఆరేళ్ళ కుర్రవాడు ఈ దృశ్యాన్ని చూసి, ‘‘అమ్మా! కరాటే తాతగారు వడియాలతో ఫైటింగు చేస్తున్నారు!’’ అని వీధికంతటికీ వినబడేలా అరిచాడు. నేను పడుకున్న చోటి నుంచే, ‘‘కరాటే కాదు బాబూ, జూడో’’ అని సవరించాను.

ఆ అరుపుకు మా ఆవిడ గబగబా మెట్లెక్కి వచ్చి, ‘‘ఏమైనా పోయిందా?’’ అంది. ‘‘ఏమీ కాలేదు, చిన్న దెబ్బైనా తగల్లేదు’’ అని నేను కొంత గర్వంగానే చెప్పాను.

‘‘మీ సంగతి కాదు నేనడిగింది’’ అని, నా వీపుకు అంటుకున్న వాటిని ఒక్కొక్కటిగా ఒలిచి చేతిలోకి లెక్కపెట్టుకొంది. పదిహేడు. కాకి ఎత్తుకుపోయింది ఒక్కటే.

మర్నాడు మిగిలిన వడియాలను మళ్ళీ ఎండబెట్టారు గానీ నన్ను డాబా మీదికి రానివ్వలేదు. మధ్యాహ్నం ఉండబట్టలేక మెట్ల మలుపు నుంచి తొంగి చూశాను. నా కుర్చీకి నిలువుగా కట్టిన కర్ర కొసన, బీరువాలో కలరా ఉండల మధ్య భద్రంగా దాచుకున్న నా నల్ల బెల్టు గాలికి ఊగుతోంది. నలుపు చూస్తే కాకులు బెదురుతాయట. ఎండ తగ్గే దాకా ఒక్క కాకి కూడా వాలలేదు.