నాలుగు గోల్స్, ఒక గొళ్ళెం

నిన్న రాత్రి (2025 నవంబర్ 18) స్కాట్లండ్ డెన్మార్క్‌ని 4–2తో కొట్టి ఫుట్‌బాల్ వరల్డ్ కప్‌కి వెళ్ళిపోయింది, 1998 తర్వాత మళ్ళీ ఇప్పుడే. ఇవాళ గ్లాస్గోలో ఎవరు ఎదురైనా ఒకటే ప్రశ్న, నువ్వెక్కడ చూశావు అని. మ్యాచ్ జరిగిన హాంప్డెన్ పార్క్ స్టేడియానికి నడిచెళ్ళేంత దగ్గర్లో ఒక పబ్బులో ఉన్నా అంటున్నా. ఉన్నా అంటున్నానే గానీ చూశా అనట్లేదు, గమనించండి.

లెక్క తొందరగా చెప్పేస్తా. గ్రూప్ సి: డెన్మార్క్, స్కాట్లండ్, గ్రీస్, బెలారస్. వేరే గ్రూపుల్లో కొన్నిటికి ఐదేసి టీములు, ఎనిమిదేసి మ్యాచులు, దీనికి మాత్రం ఆరే, సర్దుకునే లోపు అయిపోతాయి. మొదటి టీముకి డైరెక్ట్ టికెట్, రెండోదానికి మార్చిలో ప్లేఆఫ్ అని ఇంకో గండం. ఆఖరి మ్యాచ్ ముందు డెన్మార్క్‌కి 11 పాయింట్లు, స్కాట్లండ్‌కి 10. వాళ్ళకి డ్రా చాలు, వీళ్ళు గెలిచి తీరాలి. శనివారం గ్రీస్‌లో స్కాట్లండ్ 3–2తో ఓడిపోయింది కదా ఇంకేం ఉంది అనుకుంటే అదే రాత్రి డెన్మార్క్ సొంత గడ్డ మీద బెలారస్‌తో, ఆ బెలారస్‌తో, 2–2 చేసుకుని కూర్చుంది. అట్లా మిగిలింది ఈ ఆశ.

మూడో నిమిషంలోనే మన మెక్‌టొమినే గాల్లో తిరగబడి బైసికిల్ కిక్‌తో గోల్ కొట్టాడు, నా బీరు సగం పక్కాయన మీద, ఆయనది నా మీద, సరిపోయింది. సెకండాఫ్‌లో డెన్మార్క్ హోయ్‌లుండ్ పెనాల్టీ, 1–1. ఈ ఇద్దరూ ఇటలీ క్లబ్బు నాపోలీలో ఒకే టీము, అక్కడ భుజాల మీద చేతులేసుకుని తిరిగేవాళ్ళు ఇక్కడ మా ప్రాణాలతో ఆడుకుంటున్నారు. తర్వాత డెన్మార్క్ వాడొకడికి రెడ్ కార్డ్, బయటికి పంపేశారు. అయినా గోల్ రాదు, గడియారం ఆగదు, నాకు కూడా ఇంక ఆగట్లేదు.

మా రూమ్మేట్ అన్నాడు, "ఇప్పట్ల ఏం గాదన్నా, నువ్ పోయిరా. ఫోన్ ఇచ్చి పో, గ్రీస్ మ్యాచ్ ఎట్లుందో సూస్త." వాడి ఫోన్లో ఛార్జింగ్ ఉండదు, అది వేరే విషయం. కానీ గ్రీస్–బెలారస్ మ్యాచ్! ఆ రెండు టీములూ ఎప్పుడో అవుట్, ఆ స్కోరుతో ఈ గ్రూపులో ఎవరి తలరాతా మారదు, గ్రీస్ వాళ్ళే చూస్తున్నారో లేదో. దానికోసం నా ఫోన్ పట్టుకెళ్ళాడు.

టాయిలెట్‌లోకెళ్ళి గొళ్ళెం పెట్టుకున్నా. కాసేపటికి బిల్డింగ్ ఊగిపోయేలా అరుపు. గోల్! పరుగున వద్దామని గొళ్ళెం లాగితే పిడి నా చేతిలోకొచ్చింది, గొళ్ళెం మాత్రం తలుపులోనే ఉంది.

ఇక్కణ్ణించి నా మ్యాచ్ అంతా చెవులతోనే. అరుపొస్తే మనది, అరుపు ఆగిపోతే వాళ్ళది. ఆ లెక్కన 2–1. నాలుగు నిమిషాలకి ఒక్కసారిగా అందరూ చచ్చినట్టు అయిపోయారు, ఆ వెంటనే ఒక పెద్దమనిషి నోట్లోంచి నేనిక్కడ రాయలేని మాట. అంటే 2–2. డెన్మార్క్‌లో ఉన్నది పదిమందే, ఎట్లా కొట్టారు, ఎవడు కొట్టాడు, చెప్పేవాడు లేడు. తలుపు మీద దబదబా బాదా. బయట వాళ్ళు దాన్ని డోలు అనుకున్నారు! నా దరువుకి పాట ఎత్తుకున్నారు, నేను స్పీడు పెంచితే పెంచారు, చేతులు నొప్పెట్టి ఆపితే "ఆపకు ఆపకు" అని గోల. పెళ్ళిలో డప్పులవాడిక్కూడా మధ్యలో టీ ఇస్తారు.

ఇంజురీ టైమ్‌లో ఇంకో అరుపు, సున్నం రాలింది. మన టియర్నీ గోల్ అని తర్వాత తెలిసింది. తర్వాత ఎంతసేపటికో ఇంకోటి, అది అరుపు కూడా కాదు, ఏడుపూ నవ్వూ కలిసిన ఏదో. తర్వాత కిల్ట్, అదే స్కాట్లండ్ మగాళ్ళ గళ్ళ లంగా, కట్టుకున్న ఒకాయన (తలుపు కింద మోకాళ్ళు కనిపించాయి) లోపలికొచ్చి నేల మీద కూలబడి ఏడుస్తున్నాడు. తలుపు రావట్లేదు సార్ అంటే "అవును తమ్ముడూ, ఇన్నేళ్ళు రాలేదు" అంటాడు. నేను చూడలేదు అంటే మాత్రం పాపం చలించిపోయి, తలుపు తియ్యడం మానేసి, తన ఫోన్‌లో వీడియో పెట్టి కిందనుంచి తోశాడు. మెక్‌లీన్, 98వ నిమిషం, సగం గ్రౌండ్ నుంచి, డెన్మార్క్ గోల్‌కీపర్ ష్మైకెల్ తల మీదుగా. ఆ ష్మైకెల్ ఆడేది ఈ ఊరి క్లబ్బు సెల్టిక్‌కే, రేపు కూరగాయల షాపులో ఏ మొహంతో కనిపిస్తాడో. ఇంతలో బయట పాట మొదలైంది, కిల్ట్ లేచి పరుగు. ఫోన్ నా దగ్గరే.

అది మోగింది. స్క్రీన్ మీద "అమ్మ".

ఎత్తకపోతే బాగోదు కదా. ఎత్తా. ఆవిడ ఊపిరి తీసుకోకుండా ఏడుస్తూ మాట్లాడుతోంది, కొడుకా గెలిచాం అని, మీ నాన్న ఉండుంటే అని. నేనేం చెయ్యను, "అవునమ్మా" అన్నా. చివరికి ధైర్యం చేసి, అమ్మా నేను టాయిలెట్‌లో ఇరుక్కుపోయానండీ అని చెప్తే "నాకూ అలాగే ఉంది నాయనా" అని ఫోన్ పెట్టేసింది.

ఎవరో స్క్రూడ్రైవర్ తెచ్చారు. మేనేజర్ సారీ చెప్తాడేమో అనుకున్నా. గొళ్ళెం పాడైందని నోటీసు పెట్టాం కదా అన్నాడు. పెట్టారు. బార్ కౌంటర్ మీద, క్రిస్మస్ మెనూ వెనకాల.

మెక్‌లీన్ గోల్‌కి జనం ఎగిరిన ఎగురుడు బ్రిటిష్ జియలాజికల్ సర్వే వాళ్ళ మెషీన్లలో చిన్న భూకంపంలాగా రికార్డయిందట, స్టేడియానికి రెండు కిలోమీటర్ల దూరంలో. నేను తలుపుని తన్నింది కూడా దాదాపు అప్పుడే, నా వాటా ఎంతో విడిగా చెప్పలేదు.

రూమ్మేట్‌కి ఇదంతా నవ్వులాటగా ఉంది. గ్రీస్ మ్యాచ్ 0–0 అయిందట, అది చెప్పాడు. రేపు ప్లేఆఫ్ జోడీలకి చీటీలు తీస్తారు, డెన్మార్క్‌కి ఎవరు పడతారో సూడాలె, నీ ఫోన్ ఇయ్యే అన్నా అంటున్నాడు ఇప్పుడు. ఇవ్వను.