మధ్యలోంచి పన్నెండు లాగొద్దు బాబాయ్!

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్ నగర్ మునిగినప్పుడు ఎత్తు బండి విలువ విజయవాడ మొత్తానికి తెలిసింది. ఆ తర్వాతే నలుగురు కుర్రాళ్లు డబ్బులు వేసుకుని వేలంలో ఒక పాత మిలిటరీ లారీ, స్టాలియన్, కొన్నారు. ఏడాదిలో పది నెలలు ఊరికే నిలబడే బండి, నీళ్లొచ్చిన రోజు మాత్రం మొదటి సెల్ఫ్‌కే స్టార్ట్ అవ్వాలి. అందుకని సోలార్ ప్యానెళ్లతో బ్యాటరీలు నింపుదామంటాడు ఆ నలుగురిలో ఒకడైన అబ్బాయి. ఆటోనగర్‌లో నలభై ఏళ్లుగా లారీ వైరింగ్ చేస్తున్న బాబాయ్ వద్దంటాడు. నేను అబ్బాయి పక్షం, ముందే చెప్పేస్తున్నా. కానీ బాబాయ్ అడిగిన వాటిల్లో రెండు మూడింటికి నా దగ్గరా జవాబు లేదు, అందుకే అవీ ఉన్నవి ఉన్నట్టు రాస్తున్నా.

బాబాయ్: నిలబడ్డ బండికి సోలార్ ఎందుకురా? టెర్మినల్ ఊడదీసి పెట్టు. వారానికోసారి తగిలించి అరగంట ఇంజను ఆడించు. అంతే.

అబ్బాయి: టెర్మినల్ తీసినా బ్యాటరీ దానంతటదే దిగిపోతుంది బాబాయ్. వేడి పది డిగ్రీలు పెరిగితే ఆ దిగడం దాదాపు రెట్టింపవుతుంది, మన మే నెల సంగతి నీకు చెప్పాలా? దిగిన బ్యాటరీని అలాగే వదిలేస్తే ప్లేట్ల మీద సల్ఫేట్ గట్టిపడుతుంది, తర్వాత ఎంత ఛార్జింగ్ పెట్టినా పాత బలం రాదు. అరగంట ఇంజను ఆడిస్తే ఏమొస్తుంది? ఐడిల్‌లో డైనమో ఇచ్చేదే తక్కువ. పైగా బ్యాటరీ ఎనభై శాతం దాకా గబగబా ఎక్కుతుంది గానీ, ఆ చివరి ఇరవై ఎక్కడానికి గంటలు పడుతుంది. అన్ని గంటలు డీజిల్ తగలేస్తామా? ఎండ అయితే రోజంతా ఉంటుంది.

బాబాయ్: సరే, పెడదాం. పన్నెండు వోల్టుల ప్యానెల్ ఒకటి తే, ఎర్త్ పక్క బ్యాటరీకి తగిలిస్తా. సెల్ ఛార్జింగుకీ లైట్లకీ మైకుకీ అక్కడి నుంచే పన్నెండు లాగుతా. టేప్ రికార్డర్ల కాలం నుంచీ లారీలకి మధ్యలోంచే లాగుతున్నాం. ఏ బండి తగలబడింది?

అబ్బాయి: తగలబడలేదు, బ్యాటరీలు చచ్చాయి. ఇది 24 వోల్టుల బండి, రెండు 12 బ్యాటరీలు వరసగా (సిరీస్‌లో) కట్టి ఉన్నాయి, నువ్వు లాగే మధ్య వైరు ఆ రెండూ కలిసే చోటు నుంచి. డైనమో పంపే కరెంటు రెండింటిలోంచీ ఒక్కటే పారుతుంది. నువ్వు కింది దాంట్లోంచి, అంటే ఎర్త్ పక్క దాంట్లోంచి మాత్రమే వాడావనుకో, అది ఆకలితో ఉంటుంది, పైది కడుపు నిండి ఉంటుంది, అయినా ఇద్దరికీ ఒకే కొలత వడ్డన. నిన్న నువ్వు మధ్యలోంచి లాగిన టిప్పర్‌కి ఇంజను ఆడుతుండగా మీటర్ పెట్టాను. మొత్తం 28.2 చూపించింది, అందరూ అక్కడే ఆపేస్తారు, బాగుందనుకుంటారు. విడివిడిగా చూస్తే కిందిది 13.1, పైది 15.1. పైదాని మూత తీస్తే నీళ్లు తెర్లుతున్నట్టు బుడగలు, ముక్కు మండేలా యాసిడ్ వాసన. ప్లేట్లు పైకి తేలి కనపడుతున్నాయి. అవతల కిందిది ఎప్పటికీ నిండదు. ఆరు నెలలకి ఓనరు వచ్చి బ్యాటరీ కంపెనీని తిడతాడు! నీ ప్లాను ప్రకారం ప్యానెల్ కిందిదాన్ని నింపినా, పైదాన్ని నింపేదెవరు? అందుకే రెండు 100 వాట్ల ప్యానెళ్లు సిరీస్‌లో కట్టి, ప్యానెల్ కరెంటుని బ్యాటరీకి తగ్గట్టు అదుపు చేసే 24 వోల్టుల కంట్రోలర్ ద్వారా రెండు బ్యాటరీల చివరలకీ ఇద్దాం. పన్నెండు కావాలంటే 24 నుంచి 12 ఇచ్చే కన్వర్టర్ పెడదాం, అది రెండింటి నుంచీ సమానంగా తీసుకుంటుంది.

బాబాయ్: ఆగు. సమానమే కదా నీ బాధ. రెండు ప్యానెళ్లు విడివిడిగా, రెండు చిన్న కంట్రోలర్లు, ఒక్కో బ్యాటరీకి ఒకటి. దేనికది నిండుతుంది. మీ సిరీస్ కంటే అదే మంచిది, ఒకటి పోయినా రెండోది పనిచేస్తుంది.

(ఇది నిజంగా మంచి మాట. అబ్బాయి కాసేపు మాట్లాడలేదు.)

అబ్బాయి: ఒప్పుకుంటా, అది పనిచేస్తుంది. కానీ పై కంట్రోలర్ నెగటివ్ అంటే బండి మధ్య పాయింటు, అంటే చాసిస్ కంటే 12 వోల్టులు పైన. రేపెవడో మెకానిక్ అలవాటు కొద్దీ ఆ నల్ల వైరు తీసి బాడీకి ఎర్త్ చేశాడంటే కింది బ్యాటరీ నేరుగా షార్ట్. మన దగ్గర నల్ల వైరు కనపడితే బాడీకి బిగించని వాడున్నాడా?

బాబాయ్: మరి నీ వైరింగులో ప్రమాదం లేదా? వెల్డింగ్‌కి ముందు కట్ ఆఫ్ స్విచ్ తిప్పుతాం, బండి మొత్తం చచ్చిందనుకుని చెయ్యి పెడతాం. నీ సోలార్ వైరు మాత్రం బతికే ఉంటుంది. స్విచ్ తిప్పినా ఎండ ఆగదుగా!

అబ్బాయి: ...అది నేను ఆలోచించలేదు బాబాయ్. ప్యానెల్ వైపు ఒక డీసీ బ్రేకర్ పెడతా, కంట్రోలర్ నుంచి బ్యాటరీకి వెళ్లే దాంట్లో ఇంకోటి. కట్ ఆఫ్ పక్కనే.

బాబాయ్: పక్కనే పెట్టి పైన తెలుగులో రాయించు. ఇంకోటి. రేకుల షెడ్డులో పెడితే నీ ప్యానెల్‌కి నీడ. చెట్టు కింద పెడితే ఆకులు. ప్యానెల్లో సెల్సన్నీ సిరీస్, ఒక మూల నీడపడితే సగం పోతుంది. అవునా?

అబ్బాయి: అవును. బండి ఆరుబయటే నిలపాలి. అయినా ఆర్మీ బండి ఎండకీ వానకీ...

బాబాయ్: ఆర్మీ బండి అనకు! ఇప్పుడది మీ బండి. ముందు ఆ రంగు తీయించండి.

అబ్బాయి: ఆ రంగు చూసే కదా కొన్నాం.

బాబాయ్: చూసి కొన్నా, తిప్పకూడదు. సెంట్రల్ మోటార్ వెహికల్స్ రూల్స్, 1989లో వచ్చినవి, 121వ రూలు. ఆలివ్ గ్రీన్ రక్షణ శాఖ బండ్లకే. వరదలో జనం ఆ రంగు చూసి సైన్యం వచ్చిందనుకుంటారు, అది మోసం కాదా?

అబ్బాయి: మేము సాయానికే వెళ్తాం కదా.

బాబాయ్: సాయానికి వెళ్లేవాడు తన రంగులో వెళ్తాడు. దానిమీద నాతో వాదించకు.

(అబ్బాయి వాదించలేదు. నేనైనా వాదించను.)

అబ్బాయి: సరే, తెల్ల రంగు వేయిస్తాం. ఇక వైరు. కంట్రోలర్ నుంచి బ్యాటరీకి పోనూ రానూ పది మీటర్లు. నీ దగ్గరున్న 2.5 స్క్వేర్ (చదరపు మిల్లీమీటర్ల) వైరు వేస్తే 7 ఆంప్స్‌కి అర వోల్టు దారిలోనే పోతుంది, బ్యాటరీ నిండకముందే నిండిందని కంట్రోలర్ మోసపోతుంది. 6 స్క్వేర్ రాగి వైరు కావాలి. ఫ్యూజు బ్యాటరీ పాజిటివ్‌కి జానెడు దూరంలో. అక్కడ కాకుండా కంట్రోలర్ దగ్గర పెడితే, మధ్యలో వైరు చాసిస్‌కి రాసుకుని తెగినప్పుడు దాన్ని కాపాడేది ఏమీ ఉండదు. తగిలించేటప్పుడు ముందు బ్యాటరీ, తర్వాతే ప్యానెల్, ఎందుకంటే చాలా కంట్రోలర్లు బ్యాటరీని చూసే 12 ఆ 24 ఆ తేల్చుకుంటాయి. విప్పేటప్పుడు ముందు ప్యానెల్. ఇంకా, బ్యాటరీ వేడెక్కితే వోల్టేజి తగ్గించే సెన్సర్ వైరు ఉన్న కంట్రోలరే కొనాలి. 25 డిగ్రీలకి 28.8 సరిపోతే, 45లో దాదాపు ఒక వోల్టు తగ్గించాలి. లేకపోతే ఆ టిప్పర్ బ్యాటరీకి జరిగిందే దీనికీ జరుగుతుంది, ఈసారి ఎండ చేతుల్లో.

బాబాయ్: అయినా డిస్టిల్డ్ వాటర్ నెలకోసారి చూడాల్సిందే. సోలార్ పెట్టాం కదా అని మూత తీయడం మానేస్తారు మీరు.

అబ్బాయి: మానం బాబాయ్.

బాబాయ్: ఫ్యూజు ఎన్ని ఆంప్స్?

అబ్బాయి: పదిహేను.

బాబాయ్: రేపు ఆరింటికల్లా రా, ఎండెక్కితే చాసిస్ కింద పడుకోలేం. ఆ టిప్పర్ ఓనరుకి కూడా ఫోన్ చెయ్. మధ్య వైరు తీసేస్తానని చెప్పు.