ఓటుకు తెలుగు, పిడుగుకు ఒడియానా?

ఈ వారం మా డెస్కుకు వచ్చిన ఫోన్లలో సగానికి సగం ఒకటే మాట. ‘బాబూ, ఫోనుకు గవర్నమెంటు మెసేజ్ ఏదో వచ్చింది, మీకు వాట్సాప్‌లో పంపాను, ఏం రాశారో చూసి చెబుతారా?’ ఒడిశాలోని పర్లాకిమిడి నుంచి ఒకరు, కాశీనగర్ నుంచి ఇంకొకరు, గుణుపూర్ వైపు నుంచి మరో ఇద్దరు. చూస్తే అన్నీ ఒడియాలోనే, సారాంశమూ ఒక్కటే: రానున్న మూడు గంటల్లో ఉరుములు, మెరుపులు, ఈదురుగాలులు, చెట్ల కింద ఉండవద్దు. మేము చదివి తిరిగి ఫోను చేసేసరికి ఆ మూడు గంటల్లో రెండు అయిపోయిన సందర్భాలూ ఉన్నాయి. ప్రాణం కాపాడే హెచ్చరికకు అర్థం చెప్పించుకోవడానికి మనిషి పత్రికాఫీసుకు ఫోను చేయాలా?

ఈ ఆంధ్ర-ఒడిశా సరిహద్దుకు చైత్ర వైశాఖాల గాలివాన కొత్త కాదు. మధ్యాహ్నం దాకా మాడు పగిలే ఎండ. మూడు దాటాక వాయవ్యాన నల్లటి మబ్బు. ఒడియావాళ్లు కాలబైశాఖి అనేది దీన్నే. కొండల మీద వేడెక్కి పైకి లేచిన గాలికి బంగాళాఖాతం తేమ తోడైతే చాలు, గంట తిరిగేలోగా మబ్బు పది పన్నెండు కిలోమీటర్ల ఎత్తుకు పేరుకుంటుంది. తుపాను అయితే మూడు నాలుగు రోజుల ముందే కబురు చెబుతుంది, ఊళ్లు ఖాళీ చేయించేంత వ్యవధి ఇస్తుంది. కాలబైశాఖికి ఆ మర్యాద లేదు. రాడార్ చూసి వాతావరణ శాఖ చెప్పగలిగేది మూడు గంటల ముందు మాటే. ఆ మూడు గంటలూ ఎంత విలువైనవో, ఎవరి చేతుల్లో ఎలా కరిగిపోతున్నాయో చూడాలంటే ఒకసారి జీడితోటల్లోకి వెళ్లాలి.

ఇది జీడిపిక్కలు రాలే కాలం. గాలి లేచిందంటే ఇంట్లోకి పరుగెత్తాలని మనం అనుకుంటాం. అక్కడ మాత్రం గాలి లేచిందంటేనే బుట్ట పట్టుకుని చెట్ల కిందికి పరుగు, ఎందుకంటే గాలికి రాలిన పిక్కలు వానకు తడవక ముందే ఏరుకోవాలి, తడిస్తే వ్యాపారి ధర కోస్తాడు. ఆడవాళ్లు, పిల్లలు, వాళ్లతో పాటు ముసలివాళ్లు. ఆ సమయానికి ఫోను ఇంట్లో చార్జింగులో ఉంటుంది. అందులో వచ్చిన ఒడియా మెసేజ్‌ను చదవగలిగిన మనవడు ట్యూషన్ నుంచి సాయంత్రం ఆరింటికి వస్తాడు. ఆ తాత ఒడియా గలగలా మాట్లాడతాడు. సంతలో బేరం ఆడేది ఒడియాలోనే. చదవడం మాత్రం రాదు, ఎందుకంటే ఆయన చదువుకున్న నాలుగు తరగతులూ తెలుగు బడిలో.

దేశంలో పిడుగుపాటుకు చనిపోయినవారు 2022లో 2,887 మంది అని జాతీయ నేర రికార్డుల బ్యూరో లెక్క. ఒడిశా ప్రభుత్వం ఈ ముప్పును చిన్నచూపు చూసిందని మేము అనడం లేదు. 2015లోనే పిడుగును రాష్ట్ర విపత్తుగా ప్రకటించింది, మృతుల కుటుంబాలకు 4 లక్షల రూపాయలు ఇస్తోంది. ఇవ్వాల్సిందే. కానీ చనిపోయాక 4 లక్షలు ఇవ్వగలిగిన యంత్రాంగానికి, బతికుండగా తెలుగులో ఒక్క వాక్యం పంపడం బరువైందా?

అదే యంత్రాంగాన్ని నడిపే నాయకులు ఎన్నికల వేళ ఏ భాషలో వస్తారో ఈ జిల్లాలన్నిటికీ తెలుసు. మైకు కట్టిన ఆటోలు తెలుగు వీధుల్లో తెలుగులోనే తిరుగుతాయి, తెలుగు పాటలే పెడతాయి. కరపత్రాలు తెలుగులో, గోడ మీద రాతలు తెలుగులో. ఓటు కావాల్సినప్పుడు గుర్తుకొచ్చే భాష పిడుగు పడేటప్పుడు గుర్తుకు రాకపోవడాన్ని పొరపాటు అని సరిపెట్టుకోలేము. ఓటరుగా తెలుగువాడు, బాధితుడిగా మాత్రం రాష్ట్ర సగటు మనిషి. మా అభ్యంతరమంతా ఈ రెండు నాలుకల మీదే.

రాష్ట్ర అధికార భాష ఒడియా కాబట్టి హెచ్చరికా అందులోనే వస్తుందని, ఒకే సంగతి రెండు మూడు భాషల్లో పంపితే జనం విసుగెత్తి ఏదీ చదవరని కొందరు అధికారుల వాదన. విసుగు సంగతి తర్వాత, ముందు చదవనివ్వండి. విపత్తు కబుర్లు ఫోన్లకు పంపే కేంద్రం సచేత్ వేదిక ద్వారా హెచ్చరిక ఒక ప్రాంతంలోని టవర్ల కింద ఉన్న ఫోన్లకే వెళ్తుంది. అంటే ఎక్కడికి పంపుతున్నామో పంపేవారికి తెలుసు. కాశీనగర్ టవరు కింద ఎవరుంటారో తెలియనంత కొత్తవాళ్లా వీళ్లు? భాషా అల్పసంఖ్యాకులు 15 నుంచి 20 శాతం ఉన్న తాలూకాల్లో, పట్టణాల్లో ముఖ్యమైన ప్రభుత్వ ప్రకటనలను వారి భాషలోనూ ప్రచురించడం మేలని కేంద్రం 1956లోనే చెప్పింది. పిడుగు ముఖ్యమైన ప్రకటన కాకపోతే మరేది? టెండరు నోటీసా?

మహేంద్రతనయ నది అవతల ఆంధ్ర విపత్తుల నిర్వహణ సంస్థ మండలాల పేర్లు చెప్పి మరీ తెలుగులో పిడుగు హెచ్చరికలు ఇస్తుంది. మంచిదే. ఆ జాబితా పాతపట్నంతో ఆగుతుంది. మబ్బు ఆగదు. అవతలి ప్రభుత్వాన్ని ఊరికే మెచ్చుకోవడానికీ లేదు: ఇచ్ఛాపురం, మందస వైపు ఒడియా ఇళ్లకు తెలుగు హెచ్చరికతో అదే చిక్కు. కొఠియా పల్లెల్లో అయితే ఒకే మనిషికి రెండు రాష్ట్రాల రేషన్ కార్డులు, రెండు ఓటరు కార్డులు. ఆ పల్లెలు మావంటే మావని దశాబ్దాలుగా కోర్టుల చుట్టూ తిరిగిన రెండు ప్రభుత్వాలూ, అక్కడి మనిషికి అర్థమయ్యే భాషలో పిడుగు కబురు చెప్పే బాధ్యత మాదేనని ఎప్పుడైనా పోటీ పడ్డాయా? ఓటుకు హద్దు దాటుతారు, హెచ్చరిక దగ్గర హద్దు గుర్తొస్తుంది.

ఇక సవర గిరిజనుల పల్లెలు. అక్కడ తెలుగు మెసేజ్ అయినా ఒడియా మెసేజ్ అయినా చాలామంది పెద్దవాళ్లకు ఒకటే. మాట వినపడాలి. వందేళ్ల కిందట ఇదే పర్లాకిమిడిలో బడి పంతులుగా ఉంటూ గిడుగు రామమూర్తి సవర నేర్చుకుని ఆ భాషకు వ్యాకరణం, నిఘంటువు రాశారు. జనం మాట్లాడే మాటలోనే రాయాలని తెలుగు పండితులతో పోట్లాడిందీ ఆయనే. ఏటా ఆగస్టు 29న ఆయన పటానికి దండ వేసేవాళ్లలో నాయకులూ ఉంటారు, అధికారులూ ఉంటారు. ఆ దండ వేసిన చేతులతోనే, చదవలేనివారికి చదవలేని లిపిలో మెసేజ్ పంపి ‘హెచ్చరిక జారీ చేశాం’ అని ఫైల్లో రాసుకుంటారు.

రేపు ఏ తోటలోనో శవం లేచినప్పుడు ఆ ఫైలే చూపిస్తారని మా భయం. మెసేజ్ వెళ్లింది, చెట్టు కింద నిలబడడం వాళ్ల తప్పు అంటారు. ఒకసారి ఆ మాట చెల్లిందంటే ఇక ప్రతి ఏడూ చెల్లుతుంది.

మైకు ఆటోలు ఎక్కడ దొరుకుతాయో నాయకులకు మేము చెప్పనక్కర్లేదు. ఎన్నికల దాకా ఆగకుండా, ఆ ఆటోలను ఈ వారమే, మధ్యాహ్నం రెండింటికి, మబ్బు కమ్మకముందు జీడితోటల దారిన పంపండి. ఏ భాషలో చెప్పాలో డ్రైవరుకు తెలుసు.