మొరగదు నిజమే, కానీ మూగది కాదు

బసెంజీ అనే జాతి కుక్క మొరగదు కాబట్టి అపార్ట్‌మెంట్‌కు బాగా సరిపోతుందని ఈ జాతి గురించి వచ్చిన వ్యాసంలో రాశారు. అది సగమే నిజమండి. నల్గొండలో మా ఇంట్లో నాలుగేళ్లుగా ఒకటి ఉంది. దాని గొంతు నిర్మాణం వేరు, అందుకే భౌ భౌ అనదు. సంతోషం వస్తే రాగం తీస్తుంది, ఒంటరిగా వదిలేస్తే పసిపిల్ల ఏడ్చినట్టు అరుస్తుంది. మొదటి వారంలోనే పక్కింటి అక్క "పాపకు బాగాలేదా?" అని అడగడానికి వచ్చింది.

కాంగో ప్రాంతంలో వేటకు పెంచుకున్న జాతి ఇది. బరువు 10, 11 కిలోలే గానీ, ఏదైనా కదిలిందంటే మన పిలుపు దాని చెవికెక్కదు. ఒకరోజు ఐదడుగుల గోడ పిల్లిలా ఎక్కి అవతలి కోళ్ల మీద పడింది. అప్పటి నుంచి బెల్టు లేకుండా గేటు దాటనివ్వను. తిడితే మొండికేస్తుంది, చిన్న చికెన్ ముక్క చూపిస్తే వింటుంది. ఒళ్లు తానే నాక్కుని శుభ్రం చేసుకుంటుంది, వాసన ఉండదు. ఎండాకాలం మాత్రం పొద్దున ఆరు లోపే తిప్పుతాను. తర్వాత తారురోడ్డుకు దాని పాదాలు కాలతాయి.

వ్యాసంలో తప్పకుండా ఉండాల్సింది ఫాంకోని జబ్బు గురించి. ఇది వంశపారంపర్యంగా వచ్చే కిడ్నీ సమస్య. ఇది వచ్చిన కుక్క నీళ్లు ఎక్కువ తాగుతుంది, మూత్రం ఎక్కువ పోస్తుంది. రక్తంలో షుగర్ మామూలుగానే ఉన్నా మూత్రంలో కనిపిస్తుంది. కుక్కపిల్లను కొనేముందు దాని తల్లిదండ్రులకు చేసిన డీఎన్ఏ పరీక్ష రిపోర్టు అడగండి. మేం అడగలేదు, ఇప్పుడు నెలనెలా షుగర్ చూపించే స్ట్రిప్‌తో దాని మూత్రం చూస్తున్నాం, చూసిన ప్రతిసారీ టెన్షనే.