మూజువాణి జీవితం

మా మాజీ ఎంపీ గారి షష్టిపూర్తికి అభినందన సంచిక వేస్తున్నారు. ఆయన బాల్యం గురించి ఊరి కరణంగారి అబ్బాయి, దాతృత్వం గురించి కాంట్రాక్టరొకాయన, భోజనప్రియత్వం గురించి బావమరిది రాస్తున్నారు. ఎవరూ ముట్టుకోని 'శాసనకర్తగా మన నాయకుడు' అనే అంశం నా నెత్తిన పడింది. నాలుగు పేజీలు. 2009 నుంచి 2019 దాకా లోక్‌సభలో కూర్చున్న మనిషికి నాలుగు పేజీలు ఏ మూలకు సరిపోతాయని నవ్వుకున్నాను కూడా.

ముందు ఆయన ఏయే బిల్లుకు ఎటు ఓటేశారో తెలుసుకుందామని పీఏ గారికి ఫోన్ చేశాను.

"సారుకి పడిన ఓట్లా అండీ? బూత్‌లవారీగా ఉన్నాయి, పంపిస్తాను."

"పడినవి కాదండీ. ఆయన వేసినవి."

అటువైపు చాలాసేపు మౌనం. ఆ ప్రశ్న ఆయన్ని ఇంతవరకూ ఎవరూ అడిగినట్టు లేదు.

తప్పు పీఏది కాదు. మన పార్లమెంటులో బిల్లులు చాలావరకు మూజువాణి ఓటుతో నెగ్గుతాయి. "అనుకూలురు అవుననండి, వ్యతిరేకులు కాదనండి" అంటారు సభాపతి. అందరూ ఒక్కసారే అరుస్తారు. ఏ అరుపు పెద్దదో ఆయన చెవికి తెలుస్తుంది. ఎవరి గొంతు ఎటు కలిసిందో ఏ చిత్రగుప్తుడూ రాసుకోడు. డివిజన్, అంటే ఓట్లు లెక్కపెట్టాలని ఎవరైనా పట్టుబడితే తప్ప పేర్లు నమోదు కావు. 2014 ఫిబ్రవరి 18న రాష్ట్ర విభజన బిల్లు కూడా లోక్‌సభలో ఇలాగే మూజువాణితో నెగ్గింది. టీవీ ప్రత్యక్ష ప్రసారం కూడా సరిగ్గా ఆ సమయానికే ఆగిపోయింది. ఇంటి వాటాలు పంచుకుంటే పెద్దమనుషుల సంతకాలు అడిగే జాతి మనది. రాష్ట్రానికి మాత్రం కేక చాలింది. ఆ రోజు సారు ఏమన్నారని పీఏని అడిగాను. "అడిగేవాళ్లు ఏ జిల్లా వాళ్లో చూసి చెబుతుంటామండి" అన్నాడు. నిజాయితీపరుడు.

డివిజన్ జరిగినప్పుడైనా దొరుకుతారని ఆశపడ్డాను. పాత పార్లమెంటు భవనంలో పద్ధతి ముచ్చటగా ఉండేది. ఒక చేత్తో ఓటు మొదలుపెట్టే స్విచ్చి, రెండో చేత్తో ఆకుపచ్చో ఎరుపో పసుపో ఒక బటన్, రెండూ కలిపి నొక్కి, పది సెకన్ల తర్వాత రెండో గంట మోగేదాకా వదలకూడదు. పదేళ్ల పదవీకాలంలో ఆయన రెండు చేతులూ దేశం కోసం ఒకేసారి పనిచేసిన క్షణాలు ఇవే. రంగు ఎంచుకునే శ్రమ మాత్రం ఆయనకు లేదు. ఎటు వేయాలో చెబుతూ ముందురోజే పార్టీ నుంచి విప్ వస్తుంది. గట్టిగా చెప్పాలంటే కింద మూడు గీతలు గీస్తారు. 1985లో ఫిరాయింపులు ఆపడానికి రాజ్యాంగంలోకి వచ్చిన పదో షెడ్యూలు ప్రకారం, విప్‌ను కాదని ఓటేసినా, ఓటేయకుండా కూర్చున్నా సభ్యత్వం పోవచ్చు, పార్టీ 15 రోజుల్లో క్షమిస్తే తప్ప. ఒక్కడు గీత దాటితే ఫిరాయింపు. మూడింట రెండొంతుల మంది కలిసి దాటితే విలీనం. 2019 జూన్‌లో తెలుగుదేశం రాజ్యసభ సభ్యులు ఆరుగురిలో నలుగురు బీజేపీలో కలిసినప్పుడు ఆ లెక్క ఎంత కచ్చితంగా సరిపోయిందో చూసి మా లెక్కల మాస్టారు కూడా మెచ్చుకున్నారు.

సభ్యుల్ని మనస్సాక్షి ప్రకారం ఓటేయనివ్వాలని కాంగ్రెస్ ఎంపీ మనీశ్ తివారీ ఒకటికి రెండుసార్లు ప్రైవేటు బిల్లు, అంటే మంత్రి కాని సభ్యుడు సొంతంగా తెచ్చే బిల్లు, పెట్టారు. అది ఓటింగుకొస్తే దాని మీదా విప్ జారీ చేస్తారేమోనని నా భయం.

ప్రైవేటు బిల్లు అన్నాను గనుక, మా నాయకుడూ ఒకటి పెట్టారు. మిర్చి రైతుల కోసం. నెల ముందు నోటీసిచ్చి, శుక్రవారం లేచి "ప్రవేశపెడుతున్నాను" అని కూర్చున్నారు. ఆ ఫొటో ఇప్పటికీ పార్టీ ఆఫీసులో ఉంది. ప్రైవేటు బిల్లులకు కేటాయించింది శుక్రవారం చివరి రెండున్నర గంటలు, అంటే సభ్యులంతా విమానాశ్రయం దారి పట్టే వేళ. ఏది ముందు చర్చకొస్తుందో లాటరీ తీస్తారు. మన మిర్చికి లాటరీ తగల్లేదు. సభ రద్దవగానే బిల్లూ దాంతోపాటే కాలం చేసింది.

ఇందులో చిన్నబోవాల్సిందేమీ లేదు. స్వాతంత్ర్యం వచ్చాక ఇలాంటి బిల్లులు చట్టాలైనవి 14. చివరిది 1970లో. ఫిరోజ్ గాంధీ 1956లో సాధించినదాని కథ ఇంకా బాగుంటుంది. పార్లమెంటులో జరిగింది పత్రికలు భయం లేకుండా అచ్చేసుకునే చట్టం అది. ఎమర్జెన్సీలో ఆయన భార్య ఇందిర ప్రభుత్వమే దాన్ని రద్దు చేసింది. 1977లో జనతా ప్రభుత్వం మళ్లీ తెచ్చింది. ఇక మన కేవీపీ రామచంద్రరావు గారు ప్రత్యేక హోదా కోసం రాజ్యసభలో పెట్టిన బిల్లు 2016లో చర్చదాకా వెళ్లింది. తీరా ఓటు వేళకు, ఇది ద్రవ్య బిల్లు, ఈ సభ ముట్టుకోరాదని అభ్యంతరం లేచింది. పెళ్లికొడుకు పీటల మీద కూర్చున్నాక గోత్రం గుర్తొచ్చినట్టు.

ఇవన్నీ రాస్తే సారు గురించి రెండు పేరాలు, మిగతావాళ్ల గురించి మూడు పేజీలు తేలింది. సంచిక కమిటీ ముందు చదివాను. మధ్యలో కాఫీలొచ్చాయి. "ఫొటోలు పెంచండి" అన్నారు సంపాదకులు. శంకుస్థాపనలవి ఆరు చేర్చాం.

చివరికి, ఆమోదించినట్టేనా అని అడిగాను. పదకొండు మంది ఒక్కసారే ఏదో అన్నారు. కొందరు కుర్చీలు జరుపుతూ అన్నారు, ఒకాయన నోటినిండా పకోడీతో అన్నాడు. నెగ్గిందని నాకు నేనే ప్రకటించుకుని బయటపడ్డాను.